లాక్‌డౌన్ నాటి కేసు, కట్టిన కిరాయి, తిరిగి ఇవ్వని అడ్వాన్సు

ప్రశ్న: నల్లగొండలో మడిగె కిరాయికి తీసుకొని కర్రీ పాయింట్ నడుపుతున్నాను. పెండ్లిళ్లకు, దావత్‌లకు భోజనాలు కూడా చేసి ఇస్తాను. ఐదుగురు పనివాళ్లున్నారు. 2021 జూన్ నెల మధ్యలో, సడలింపు సాయంత్రం 5 గంటల దాకా ఉందని టీవీలో చూసి దుకాణం తెరిచి ఉంచితే, మూడు గంటల ప్రాంతంలో పోలీసులు వచ్చి మూయించి కేసు రాశారు. ఆ తర్వాత నన్ను ఎవరూ పిలవలేదు. ఇప్పుడు పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తే విచారణలో ఆ కేసు బయటికి వచ్చింది. రెండు లాక్‌డౌన్లలోనూ మడిగె యజమాని పూర్తి కిరాయి వసూలు చేశాడు. 2021 మే నెలలో జరగవలసిన ఒక పెండ్లికి నేను తీసుకున్న అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదని ఆ కుటుంబం ఇప్పటికీ అడుగుతున్నది. మహబూబ్‌నగర్‌లో మా బావమరిదికి ఫంక్షన్ హాలు ఉంది. మళ్లీ ఏదైనా రోగం ప్రబలితే ప్రభుత్వం దాన్ని ఊరికే స్వాధీనం చేసుకోవచ్చునా? అలాంటి పరిస్థితి మళ్లీ వస్తే నాలాంటి చిన్న వ్యాపారి ఏమి పాటించాలి, ఏమి అడగవచ్చు?
(ఒక పాఠకుడు, నల్లగొండ)

సమాధానం: మీరు అడిగినవాటిలో అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది పాస్‌పోర్టుకు అడ్డుపడుతున్న కేసు కనుక దానితోనే మొదలుపెడదాం. మీరు టీవీలో చూసిన వార్త అబద్ధం కాదు; కాకపోతే అది మీ ఊరికి వర్తించే వార్త కాదు. 2021 మే 12న మొదలైన రాష్ట్ర లాక్‌డౌన్‌లో తొలుత ఉదయం 6 నుంచి 10 గంటల వరకే సడలింపు ఉండేది; మే నెలాఖరున దాన్ని మధ్యాహ్నం 1 గంట దాకా పెంచారు. జూన్ 8న సమావేశమైన రాష్ట్ర మంత్రివర్గం ఆ సడలింపును సాయంత్రం 5 గంటల దాకా పెంచింది గానీ, వ్యాధి అదుపులోకి రాలేదన్న కారణంతో సత్తుపల్లి, మధిర, నల్లగొండ, నాగార్జునసాగర్, దేవరకొండ, మునుగోడు, మిర్యాలగూడ నియోజకవర్గాలను ఆ పెంపు నుంచి మినహాయించింది. ఈ ఏడు చోట్లా పాత పద్ధతి ప్రకారమే మధ్యాహ్నం 1 గంటకు దుకాణాలు మూసి, 2 గంటలకల్లా ఇండ్లకు చేరుకోవాలి. ఆ విధంగా నకిరేకల్‌లో మూడు గంటలకు తెరిచి ఉన్న దుకాణం చట్టబద్ధం కాగా, అదే సమయానికి నల్లగొండలో తెరిచి ఉన్న మీ దుకాణం ఉల్లంఘన కిందికి వచ్చింది.

అయితే ఉల్లంఘన జరగడం వేరు, కోర్టులో నేరం రుజువు కావడం వేరు. ఆ రోజుల్లో ఇలాంటి కేసులను ఎక్కువగా భారతీయ శిక్షాస్మృతి 188వ సెక్షన్ కింద, దానికి తోడు విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 51వ సెక్షన్ కింద నమోదు చేసేవారు. 188వ సెక్షన్ ప్రకారం, అధికారం గల ఉద్యోగి జారీ చేసిన ఉత్తర్వు ఉందని తెలిసి కూడా దాన్ని ధిక్కరించిన వ్యక్తే నేరస్థుడు. అంటే ఉత్తర్వు సంగతి తెలిసి ఉండటం ఆ నేరంలో ఒక భాగం. 51వ సెక్షన్ ‘సహేతుకమైన కారణం లేకుండా’ ఆదేశాన్ని పాటించ నిరాకరించిన వారిని శిక్షిస్తుంది. అది రుజువైతే ఒక సంవత్సరం వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు, ఆ నిరాకరణ వల్ల ప్రాణనష్టం జరిగితే గానీ, ప్రాణాపాయం ముంచుకొస్తే గానీ జైలు రెండు సంవత్సరాల దాకా పెరుగుతుంది. రాష్ట్రమంతటికీ ఒక సమయం, ఏడు నియోజకవర్గాలకు మరో సమయం ఉన్న ఆ వారంలో మీరు పొరపడ్డారన్న వాదన ఈ రెండు సెక్షన్ల కిందా వినదగినదే, ముఖ్యంగా పోలీసులు చెప్పగానే ఎదురు మాట్లాడకుండా మీరు మూసివేసి ఉంటే.

దీనికంటే బలమైన అంశం మరొకటి ఉంది. 188వ సెక్షన్ కింద పోలీసులు ఎఫ్.ఐ.ఆర్. రాయవచ్చు, కానీ ఉత్తర్వు జారీ చేసిన అధికారి గానీ, ఆయన పై అధికారి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు ఆ నేరాన్ని విచారణకు స్వీకరించకూడదని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 195వ సెక్షన్ ఆంక్ష పెట్టింది. విపత్తు నిర్వహణ చట్టం 60వ సెక్షన్‌లోనూ దాదాపు ఇలాంటి ఆంక్షే ఉంది: జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ, ప్రభుత్వం, లేదా వారు అధికారమిచ్చిన వ్యక్తి ఫిర్యాదు చేయాలి, లేదా 30 రోజుల ముందస్తు నోటీసు ఇచ్చిన వ్యక్తి కోర్టుకు రావాలి. పైగా ఏడాది వరకు శిక్ష పడే నేరాలను ఏడాదిలోపే కోర్టు ముందుకు తేవాలన్న కాలపరిమితి ఉంది. కరోనా కాలంలో సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని పరిమితి లెక్కలోంచి తీసివేసింది కదా, దాన్ని ప్రాసిక్యూషన్‌కు అనుకూలంగా కలుపుకొని లెక్కించినా, 2023 ఫిబ్రవరి దాటిన తర్వాత మీ కేసులో కొత్తగా ఫిర్యాదు దాఖలు చేయడం కష్టం.

కాబట్టి మీరు తెలుసుకోవలసింది ఒకే విషయం: ఆ ఎఫ్.ఐ.ఆర్. పోలీసు స్టేషన్‌లోనే ఆగిపోయిందా, లేక కోర్టులో కేసు నంబరు పడిందా? మీ పేరుతో ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో వెతికితే తెలుస్తుంది, లేదా ఎఫ్.ఐ.ఆర్. నంబరు పట్టుకొని నల్లగొండ కోర్టులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. పాస్‌పోర్టు చట్టం 6(2)(ఎఫ్) సెక్షన్ ప్రకారం అడ్డంకి అయ్యేది క్రిమినల్ కోర్టు ముందు పెండింగ్‌లో ఉన్న కేసు మాత్రమే; దర్యాప్తు దశలోనే నిలిచిన ఎఫ్.ఐ.ఆర్. ఆ మాటకు సరిపోదు. ఒకవేళ కోర్టులో నంబరు పడి ఉంటే, అదే కోర్టు నుంచి అనుమతి ఉత్తర్వు తెచ్చుకొని పాస్‌పోర్టు పొందే మార్గం ఉంది, లేదా 195, 60 సెక్షన్ల ఆంక్షలను చూపి కేసును కొట్టివేయమని హైకోర్టును కోరవచ్చు. తొందరపడి ‘నేరం ఒప్పుకుంటే చిన్న జరిమానాతో పోతుంది’ అన్న సలహా వినవద్దు. జరిమానా చిన్నదే కావచ్చు, నేరం రుజువైనట్టు రికార్డు మాత్రం మిగిలిపోతుంది.

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక అపోహను సవరించాలి. ‘ఎమర్జెన్సీ’ అనగానే హక్కులన్నీ ఆగిపోతాయని 1975 నాటి జ్ఞాపకం ఉన్నవారు అనుకుంటారు. మన రాజ్యాంగంలో ఆరోగ్య అత్యవసర పరిస్థితి అనే అధ్యాయమే లేదు. 2020లో దేశమంతా మూతపడినప్పుడు కూడా రాజ్యాంగం 352వ అధికరణం కింద అత్యవసర పరిస్థితిని ప్రకటించలేదు. 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం, 144వ సెక్షన్ నిషేధాజ్ఞలు, వీటి కిందనే ఉత్తర్వులన్నీ వచ్చాయి. కరోనాను సాకుగా చూపి గుజరాత్ ప్రభుత్వం ఫ్యాక్టరీ కార్మికుల పనిగంటలు పెంచి, ఓవర్‌టైమ్ వేతనాన్ని రెట్టింపు ఇవ్వనక్కరలేదని నోటిఫికేషన్ ఇస్తే, దేశ భద్రతకు ముప్పు తెచ్చే ‘పబ్లిక్ ఎమర్జెన్సీ’ ఇది కాదని చెప్పి సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న దాన్ని కొట్టివేసింది. వ్యాపారం చేసుకునే హక్కు 19వ అధికరణం కింద ఆ రోజుల్లోనూ మీకు ఉంది. ప్రజల మేలు కోసం దానిపై సహేతుకమైన ఆంక్ష పడింది, అంతే.

1897 చట్టం గురించి మన ప్రాంతం వారు తెలుసుకోదగిన సంగతి ఒకటుంది. 1956కు ముందు ‘బి’ తరగతి రాష్ట్రాలుగా ఉన్న భూభాగాలకు, అంటే పాత హైదరాబాదు రాష్ట్రం వంటివాటికి, ఈ చట్టం వర్తించదని అందులోనే ఒక వాక్యం ఉండేది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఆ రాష్ట్రంలోని జిల్లాలే. 2020లో చేసిన సవరణ ఆ వాక్యాన్ని తొలగించింది కనుక ఇకముందు ఆ వాదనకు తావు లేదు. అదే సవరణ వైద్య సిబ్బందిపై దాడిని బెయిలు రాని నేరంగా మార్చింది. మూడు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, గాయం తీవ్రమైనదైతే ఏడేళ్ల దాకా. ఇంటింటి సర్వేకు వచ్చిన ఆశా కార్యకర్త మీద చేయి చేసుకుంటే ఏమవుతుందిలే అనుకునే రోజులు పోయాయి.

2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 188వ సెక్షన్ ఇప్పుడు 223వ సెక్షన్ అయింది, శిక్ష కూడా పెరిగింది: ధిక్కారం వల్ల మనుషుల ప్రాణానికి గానీ, ఆరోగ్యానికి గానీ ముప్పు కలిగే పక్షంలో ఇదివరకు ఆరు నెలలు, వెయ్యి రూపాయలు ఉన్నది, ఇప్పుడు ఒక సంవత్సరం, ఐదు వేల రూపాయలు అయింది. 144వ సెక్షన్ నిషేధాజ్ఞలు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షన్ కిందికి మారాయి. ఆ ఉత్తర్వు రెండు నెలలకు మించి అమలులో ఉండదు, రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే మరో ఆరు నెలలు. మీ పాత కేసుకు మాత్రం పాత చట్టమే వర్తిస్తుంది.

ఇక కిరాయి. మీకు నచ్చని సమాధానమే చెప్పవలసి వస్తున్నది. ప్రభుత్వం దుకాణం మూయించింది కనుక కిరాయి దానంతట అదే ఆగిపోతుందని చట్టం ఎక్కడా చెప్పదు. ‘నెరవేర్చడం అసాధ్యమైన ఒప్పందం చెల్లదు’ అనే కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ కౌలు, కిరాయి వంటి లీజులకు వర్తించదని సుప్రీంకోర్టు 1968లోనే తేల్చింది. లీజుకు వర్తించేది ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్. అగ్నిప్రమాదం, వరద వంటి వాటి వల్ల ఆ కట్టడం పూర్తిగా నాశనమైతేనో, శాశ్వతంగా పనికిరాకుండా పోతేనో కిరాయిదారు లీజును రద్దు చేసుకోవచ్చునని అది చెబుతుంది. కొన్ని వారాల మూసివేత శాశ్వతమైనది కాదు. ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లోని ఒక చెప్పుల దుకాణదారు లాక్‌డౌన్ కిరాయి మాఫీ చేయమని కోరినప్పుడు ఢిల్లీ హైకోర్టు 2020 మే 21న ఇదే కారణంతో నిరాకరించి, చెల్లించడానికి కొంత గడువు మాత్రం ఇచ్చింది. ఆ తీర్పు మన హైకోర్టును కట్టిపడేయదు గానీ, దానికి ఆధారం సుప్రీంకోర్టు తీర్పే. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం మూడు నెలల పాటు కిరాయి అడగవద్దని చెప్పింది నిజమే. అది నివాసపు ఇండ్ల గురించి, అదీ తర్వాత వాయిదాల్లో కట్టాలన్న షరతుతో. అందువల్ల మీరు కట్టిన కిరాయిని తిరిగి రాబట్టుకోవచ్చునని నేను ఆశ పెట్టలేను.

చేయగలిగింది ముందుచూపు. ప్రభుత్వ ఉత్తర్వు వల్ల దుకాణం మూతపడిన రోజులకు కిరాయిలో ఎంత భాగం ఇవ్వాలో, ఎన్నాళ్లకు మించి మూత కొనసాగితే ఖాళీ చేసి అడ్వాన్సు తిరిగి తీసుకోవచ్చునో ఒప్పంద పత్రంలో ఒక షరతుగా రాయించుకోండి. అలాంటి షరతు ఉంటే కోర్టు దాన్నే చూస్తుంది. గడియారం చౌరస్తా చుట్టూ ఉన్న మడిగెల్లో నోటిమాట ఒప్పందాలు, పదకొండు నెలల కాగితాలు సర్వసాధారణం. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించకపోతే దాని షరతులను కోర్టులో ఆధారంగా చూపలేమన్న సంగతి గుర్తుంచుకోండి. అప్పుల విషయమూ ఇంతే. రిజర్వు బ్యాంకు 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా వాయిదాలకు వెసులుబాటు ఇచ్చింది, వడ్డీని మాఫీ చేయలేదు. ఆ కాలానికి వడ్డీ మీద వడ్డీ వేయరాదని సుప్రీంకోర్టు 2021 మార్చి 23న చెప్పింది, అంతకుమించి ఇవ్వలేదు.

పెండ్లి అడ్వాన్సు దగ్గర చట్టం మీకు ఎదురు నిలుస్తుంది. భోజనాలు చేసి పెట్టడం లీజు కాదు, మామూలు ఒప్పందం. దానికి 56వ సెక్షన్ వర్తిస్తుంది. ఒప్పందం ఆ విధంగా చెల్లకుండా పోయినప్పుడు, దాని కింద పొందిన లాభాన్ని తిరిగి ఇచ్చేయాలని 65వ సెక్షన్ అంటుంది. ఆ సెక్షన్ కింద చట్టమే ఇచ్చిన ఒక ఉదాహరణ మీ పరిస్థితికి చాలా దగ్గరగా ఉంది: వెయ్యి రూపాయలు ముందుగా తీసుకొని పాట పాడతానన్న గాయకుడు జబ్బుపడి పాడలేకపోతే, అవతలివారికి పోయిన లాభాన్ని భర్తీ చేయనక్కరలేదు గానీ ఆ వెయ్యి రూపాయలు తిరిగి ఇవ్వాలి. మీరు ఒక ప్రశ్న వేయవచ్చు: 2021 మే లాక్‌డౌన్‌లో 40 మందితో పెండ్లి చేసుకునేందుకు అనుమతి ఉంది కదా, పెండ్లి పూర్తిగా అసాధ్యం కాలేదు కదా అని. ఒప్పందం వందల మంది విందు కోసమైతే, 40 మందికి వండటం ఆ ఒప్పందం కాదు; ఏ మూల ఉద్దేశంతో కుదిరిందో అది కూలిపోయిందనే కోర్టు చూసే అవకాశం ఎక్కువ. పెండ్లి జరిగి, ఆ 40 మందికి మీరు వండి పెట్టి ఉంటే దాని ఖరీదును మినహాయించుకోవడం న్యాయమే. సరుకులకు ముందే ఖర్చుపెట్టానంటే, ఆ బిల్లులు చూపి సర్దుబాటు మాట్లాడుకోవచ్చు గానీ మొత్తం అడ్వాన్సు నాదేనన్న వాదన నిలబడదు.

ఇలాంటి బాకీకి దావా వేయడానికి మూడేళ్ల గడువు. సుప్రీంకోర్టు మినహాయించిన కాలం పోను ఆ గడువు 2022 మార్చి 1న మొదలై 2025 ఫిబ్రవరి చివరికి ముగిసింది. ఆలోపు మీరు బాకీ ఉన్నట్టు సంతకంతో ఏదైనా రాసి ఇచ్చి ఉంటే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. కాబట్టి ఆ కుటుంబం కోర్టుకు వెళ్లలేకపోవచ్చు. అయినా నా సలహా, ఖర్చు పోగా మిగిలింది ఇచ్చేయమనే. గడువు దాటితే దావా పోతుంది గానీ బాకీ పోదు. పైగా మీ వృత్తి నడిచేది ఒక పెండ్లిలో తిన్నవారు ఇంకో పెండ్లికి మీ పేరు చెప్పడం మీద.

మీ బావమరిది ఫంక్షన్ హాలును ప్రభుత్వం తీసుకోవచ్చు, ఊరికే మాత్రం కాదు. విపత్తు నిర్వహణ చట్టం 65వ సెక్షన్ కింద, కలెక్టరు అధ్యక్షులుగా ఉండే జిల్లా సంస్థ గానీ, అది అధికారమిచ్చిన అధికారి గానీ, సహాయ చర్యలకు అవసరమైన భవనాలను, వాహనాలను రాతపూర్వక ఉత్తర్వుతో స్వాధీనం చేసుకోవచ్చు. అయితే 66వ సెక్షన్ పరిహారం ఇవ్వాలంటుంది: భవనానికి ఆ ప్రాంతంలో నడిచే కిరాయిని బట్టి, అందువల్ల వ్యాపారాన్ని మరో చోటికి మార్చుకోవలసి వస్తే ఆ ఖర్చును బట్టి, వాహనానికి అక్కడ నడిచే అద్దె రేటును బట్టి. నిర్ణయించిన మొత్తం చాలదనిపిస్తే 30 రోజుల్లోగా దరఖాస్తు చేసి మధ్యవర్తి నిర్ణయానికి పంపమని కోరాలి. ఈ 30 రోజులు దాటిపోనివ్వడమే ఎక్కువమంది చేసే తప్పు. హాలు అప్పగించే రోజున కుర్చీలు, వంటపాత్రలు, జనరేటరు, మరుగుదొడ్ల స్థితి, కరెంటు మీటరు రీడింగు అన్నిటినీ జాబితాగా రాసి, ఫోటోలు తీసి, తీసుకునే అధికారి సంతకం పెట్టించుకోమని ఆయనకు చెప్పండి. నోటిమాట మీద తాళంచెవులు ఇచ్చినవారికి తర్వాత పరిహారం అడగడానికి కాగితమే ఉండదు.

పనివాళ్ల జీతాల సంగతి మీరు అడగలేదు గానీ చెప్పడం అవసరం. కేంద్ర హోంశాఖ 2020 మార్చి 29న, లాక్‌డౌన్ కాలానికి కోత లేకుండా జీతాలివ్వాలని ఆదేశించి, మే 18 నుంచి దాన్ని ఉపసంహరించుకుంది. ఆ మధ్యకాలపు జీతాల గురించి యజమానులు, కార్మికులు మాట్లాడుకొని తేల్చుకోవాలని సుప్రీంకోర్టు జూన్ 12న సూచించింది. కార్మిక చట్టంలోని లేఆఫ్ (పని లేక కార్మికులను తాత్కాలికంగా పక్కన పెట్టడం) పరిహారపు నిబంధన 50 మందికి తక్కువ పనిచేసే చోట్లకు వర్తించదు కనుక, అలాంటి ప్రత్యేక ఆదేశం లేనప్పుడు మీ ఐదుగురికి మూసివేత రోజుల జీతం మీ మధ్య ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. చేసిన పనికి జీతాన్ని మాత్రం ఏ విపత్తు పేరుతోనూ ఆపరాదు. పాలమూరు నుంచి ముంబయి, పుణెలకు పోయి నడిచి తిరిగి వచ్చిన వలస కూలీలను గుర్తుచేసుకోండి. రోడ్డెక్కినందుకు వారిపై 51వ సెక్షన్ కింద పెట్టిన కేసుల ఉపసంహరణను పరిశీలించాలని సుప్రీంకోర్టు 2020 జూన్ 9న రాష్ట్రాలను ఆదేశించింది. మీ పనివాళ్లలో గానీ, వారి బంధువుల్లో గానీ ఎవరిపైనైనా అలాంటి కేసు ఇంకా మిగిలి ఉంటే ఆ ఉత్తర్వును చూపమనండి.

మళ్లీ అటువంటి పరిస్థితి వస్తే, వాట్సాప్ గ్రూపులో తిరిగే సమయాలను గానీ, టీవీ స్క్రోలింగును గానీ నమ్ముకోకుండా, జీవో ప్రతిని లేదా కలెక్టరు ఉత్తర్వును తెచ్చుకొని మూడు సంగతులు చూడండి: ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇచ్చారు, ఏ మండలానికి, ఏ మున్సిపాలిటీకి వర్తిస్తుంది, ఏ తేదీ దాకా అమలులో ఉంటుంది. మినహాయింపుల జాబితా సాధారణంగా ఉత్తర్వు చివర ఉంటుంది, మీ వ్యాపారం అందులో ఉందో లేదో అక్కడే తేలుతుంది. విపత్తు గురించి అబద్ధపు హెచ్చరికను ముందుకు పంపి జనంలో భయం పుట్టిస్తే విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడవచ్చు. జరిమానా కట్టవలసి వస్తే, మాస్కుకు వేసిన వెయ్యి రూపాయల వంటిదైనా సరే, రసీదు లేకుండా కట్టవద్దు. దుకాణానికి సీలు వేస్తే ఉత్తర్వు ప్రతిని అడగండి. ఇవ్వకపోతే అడిగినట్టు అదే రోజు కమిషనరుకు గానీ, తహసీల్దారుకు గానీ ఒక దరఖాస్తు ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. విపత్తు నిర్వహణ చట్టం కింద తీసుకున్న చర్యపై సివిల్ కోర్టులో దావా వేయడం కుదరదు, 71వ సెక్షన్ దాన్ని నిషేధించింది. ఉత్తర్వునే సవాలు చేయాలంటే 226వ అధికరణం కింద హైకోర్టుకే వెళ్లాలి, అక్కడ మొదట అడిగేది మీ ముద్రపడిన ఆ దరఖాస్తునే. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు, విపత్తు బాధితులు, మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలును పొందవచ్చు. దాని ఫోన్ నంబరు 15100.